స్కూలు బస్సు పొగ: యాజమాన్యాన్ని అసలు ఏం అడగాలి?

గజపతినగరం_నాన్న
మా పాప విజయనగరంలో చదువుతోంది. స్కూలు బస్సు ఏడింటికి గజపతినగరంలో ఎక్కించుకుని, దారిలో ఊళ్ళన్నీ తిరిగి ఎనిమిదిన్నరకు స్కూల్లో దింపుతుంది. సాయంత్రం మళ్ళీ అంతే. బస్సు పాతది. గేరు మార్చిన ప్రతిసారీ నల్లపొగ. అది వెనక బండ్లవాళ్ళ బాధ అనుకునేవాడిని గానీ, లోపల కూడా డీజిల్ కంపు కొడుతుందని, తల తిప్పుతుందని పాప అంటోంది. పేరెంట్స్ మీటింగులో అడిగితే రెండే ముక్కలు చెప్పారు: "పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. బంకులో బీఎస్-6 డీజిలే కొట్టిస్తున్నాం." ఇక నేను మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు. ఆ రెండూ నిజమే అయితే ఆ పొగ ఎక్కడిది? వచ్చే మీటింగులో ఏం అడగాలో తెలిసినవాళ్ళు చెప్పండి. ఎలక్ట్రిక్ బస్సు కొనమనండి లాంటి సలహాలు మాత్రం వద్దు, ఫీజు పెంచేస్తారు.

ఎత్తుబ్రిడ్జి_కుర్రాడు
ఎలక్ట్రిక్ బస్సు కొనమనండి.

గజపతినగరం_నాన్న
మొదటి రిప్లై ఇదే వస్తుందని తెలుసు.

నాజిల్_మాస్టర్
బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండ్ల పొగకు, డీజిల్‌కు కేంద్రం పెట్టిన మెట్లు, నంబరు పెరిగేకొద్దీ రూలు గట్టిది. డీజిల్ సంగతి వేరు, ఇంజిన్ సంగతి వేరు. స్కూలువాళ్ళు ఆ రెండూ కలిపేసి చెప్పారు.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో ఏ బంకులో కొట్టించినా బీఎస్-6 డీజిలే. వాళ్ళు ప్రత్యేకంగా తెప్పిస్తున్నది ఏమీ లేదు. అందులో గంధకం 10 పీపీఎం, అంటే కిలోకు 10 మిల్లీగ్రాములు. బీఎస్-4లో 50 ఉండేది, బీఎస్-3లో 350. గంధకం తగ్గడం మంచిదే, దాని వల్ల పుట్టే సన్న రేణువులు తగ్గుతాయి. కానీ మీరు చూస్తున్న నల్లపొగ మసి. గాలి చాలక సగం మండిన డీజిల్ అది. పాత ఇంజిన్‌లో ఎంత శుభ్రమైన డీజిల్ పోసినా మసి వస్తుంది.

బీఎస్-6 బస్సుకు సైలెన్సర్ దగ్గర పెద్ద ఏర్పాటే ఉంటుంది. మొదట పొగలోని విషవాయువులను కాల్చేసే ఒక క్యాటలిస్టు, తర్వాత మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్, ఆ తర్వాత యూరియా ద్రావణం చల్లి నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టే ఎస్‌సీఆర్. మీ బస్సుకు ఇవేవీ ఉండవు.

పాత బస్సే అయినా అంత పొగ రాకూడదు. ఎయిర్ ఫిల్టర్ పూడిపోయినా, ఇంజిన్‌లో డీజిల్ చల్లే నాజిళ్ళు అరిగినా, పంపు ఎక్కువ డీజిల్ ఇచ్చేలా తిప్పి ఉన్నా, ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బో గొట్టం చిరిగినా నల్లగా వస్తుంది. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోందని, రింగులు పోయాయని అర్థం. మీటింగులో "పొగ ఎందుకు వస్తోంది" అని అడక్కండి. "ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారు, నాజిళ్ళు ఎప్పుడు టెస్ట్ చేయించారు, బిల్లు చూపించండి" అని అడగండి.

చీపురుపల్లి_చిన్నోడు
పొల్యూషన్ సర్టిఫికెట్ గురించి ఎవరూ మాట్లాడరేం? మా వీధిలో ఒక ఆటో ఉంది. అది వస్తే దోమలు కూడా పోతాయి. దానికీ సర్టిఫికెట్ ఉంది.

రూల్స్_రామం
ఆ టెస్టు ఏమిటో తెలిస్తే సర్టిఫికెట్‌కు ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది. బండి కదలదు. న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కుతారు. గొట్టం నుంచి వచ్చే పొగ వెలుతురును ఎంత అడ్డుకుంటోందో మీటరు చూస్తుంది. ఆ మీటరు రీడింగు బీఎస్-4 డీజిల్ బండికి 1.62 దాటకూడదు, అంతకంటే పాతవాటికి 2.45. నైట్రోజన్ ఆక్సైడ్లు ఎంత, కంటికి కనిపించని సన్న రేణువులు ఎన్ని, ఆ మీటరుకు తెలియదు. నలభై మంది పిల్లలతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఎంత కక్కుతుందో కూడా తెలియదు. సర్టిఫికెట్ బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఏడాది, అంతకు ముందువాటికి ఆరు నెలలు చెల్లుతుంది.

గజపతినగరం గారూ, కేంద్ర రవాణా శాఖ ఎంపరివాహన్ యాప్‌లో బస్సు నంబరు కొట్టండి. ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది, పొల్యూషన్ ఎప్పటిదాకా ఉంది, బండి ఏ బీఎస్ అన్నది వస్తుంది. ముందు అది చూసి ఇక్కడ పెట్టండి. నంబరు మాత్రం పెట్టకండి.

గజపతినగరం_నాన్న
చూశాను. భారత్ స్టేజ్-3. రిజిస్ట్రేషన్ 2015. ఫిట్‌నెస్, పొల్యూషన్ రెండూ ఉన్నాయి.

రూల్స్_రామం
అనుకున్నాను. మన రాష్ట్ర నిబంధనల్లో స్కూలు బస్సుకు 15 ఏళ్ళు దాటకూడదు, డ్రైవర్‌కు 60 ఏళ్ళు దాటకూడదు. అంటే మీ బస్సు చట్టప్రకారం 2030 దాకా తిరగొచ్చు. బీఎస్-3 బండ్ల అమ్మకం 2017 ఏప్రిల్ 1 నుంచి ఆగింది. ఆ ముందు నెలలో కొన్న బస్సుకు 2032 దాకా ఢోకా లేదు. ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, అంతే తేడా.

స్టీరింగ్_బాబాయ్
అందరూ బస్సు మీదే పడ్డారు. చివరికి డ్రైవర్ మీదకే వస్తుంది, నాకు తెలుసు. నేను స్కూలు బస్సే తోలుతాను, బొబ్బిలి వైపు. పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేసి ఊరికే ఉంచేస్తాడు, పొగతో వీధంతా నింపేస్తాడు అని మా వీధివాళ్ళూ తిడతారు. బ్రేకు గాలితో పనిచేస్తుందయ్యా! రాత్రంతా నిలబెట్టిన బండిలో గాలి దిగిపోతుంది. మీటరు ముల్లు ఎక్కేదాకా బండి కదిలించకూడదు. కదిలిస్తే బ్రేకు పడదు. పిల్లలున్న బండి అది.

నాజిల్_మాస్టర్
బాబాయ్ చెప్పింది నిజం. కానీ బాబాయ్, గాలి లీకు లేని బండికి ముల్లు ఎక్కడానికి నాలుగైదు నిమిషాలు చాలు. ఇరవై నిమిషాలు పడుతోందంటే ఎక్కడో లైను లీకవుతోంది, లేదా కంప్రెసర్ వీక్ అయింది. అది పొగ సమస్య కాదు, బ్రేకు సమస్య. ముందు అది చూపించు.

స్టీరింగ్_బాబాయ్
చెప్పాను. "వేసవి సెలవుల్లో చూద్దాం" అన్నారు. జూన్‌లో ఫిట్‌నెస్‌కు పంపే ముందు రంగు వేశారు.

ఎత్తుబ్రిడ్జి_కుర్రాడు
రంగు బీఎస్-6దేనా బాబాయ్?

రింగురోడ్డు_అమ్మ
నాకు ఒకటి అర్థం కాలేదు. సైలెన్సర్ గొట్టం బండి వెనక ఉంటుంది, బండి ముందుకు పోతుంది. మరి పొగ లోపలికి ఎలా వస్తుంది? మా బాబు కూడా ముందు సీట్లోనే కంపు ఎక్కువ అంటాడు. వెనక కదా ఎక్కువ ఉండాలి?

నాజిల్_మాస్టర్
మంచి ప్రశ్న మేడమ్. మీ బాబు చెప్పింది కరెక్టే.

ఇంజిన్‌లో మండిన గాలి కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉండే చోటికి జారుతుంది. అది బయటికి పోవడానికి బ్రీదర్ అని ఒక గొట్టం ఉంటుంది. పాత బస్సుల్లో ఆ గొట్టం ఇంజిన్ పక్కనే కిందికి వదిలేసి ఉంటుంది. ఆయిల్ ఆవిరి, మసి కలిసిన పొగ అక్కడే వస్తుంది. మన స్కూలు బస్సుల్లో ఎక్కువ వాటికి ఇంజిన్ ముందే కదా, డ్రైవర్ పక్కన బానెట్ కింద. బానెట్ రబ్బరు బీడింగు ఎండిపోయి ఉంటే, గేరు లివరు దగ్గర తోలు బూటు చిరిగి ఉంటే, ఆ పొగ తిన్నగా లోపలికే. ఆ బానెట్ మీద ఎల్‌కేజీ పిల్లల్ని కూర్చోబెట్టడం కూడా చూశాను.

బీడింగు, బూటు మార్చడానికి అయ్యేది వేలల్లో కూడా కాదు. బ్రీదర్ గొట్టాన్ని బండి వెనకదాకా పొడిగించినా చాలా తేడా ఉంటుంది. ఆయిల్‌ను పట్టి ఆ గాలిని మళ్ళీ ఇంజిన్‌కే పంపే ఫిల్టర్ వేస్తే ఇంకా మంచిది. వెనక వైపు చూడాల్సింది ఎమర్జెన్సీ డోరు రబ్బరు. బండి వెనక గాలి సుడి తిరుగుతుంది, డోరు సందుంటే పొగను లోపలికి లాగేస్తుంది.

సైన్స్_టీచరమ్మ
మాస్టర్ చెప్పిన బ్రీదర్ విషయం మీద అమెరికాలో పెద్ద అధ్యయనమే ఉంది. సియాటిల్ ప్రాంతంలో 2005 నుంచి 2009 దాకా స్కూలు బస్సుల్లో తిరిగే 275 మంది పిల్లలను పరిశీలించారు, ఫలితాలు 2015లో వచ్చాయి. అప్పుడే అక్కడ బస్సులను గంధకం తక్కువ డీజిల్‌కు మార్చి, సైలెన్సర్‌కు ఆక్సిడేషన్ క్యాటలిస్టు, ఇంజిన్ పొగ బయటికి పోకుండా క్రాంక్‌కేస్ ఫిల్టర్ పెడుతున్నారు. అవి ఉన్న బస్సుల్లో లోపలి రేణువులు 10 నుంచి 50 శాతం దాకా తగ్గాయి. డీజిల్ మారాక పిల్లల బడి మానడం 8 శాతం తగ్గింది. ఉబ్బసం ఉన్న పిల్లల్లో తేడా ఇంకా బాగా కనిపించింది. డీజిల్ మార్చి, ఈ పరికరాలు పెడితేనే ఇంత జరిగింది, అందుకే చెబుతున్నాను.

డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. పిల్లలు మనకంటే వేగంగా ఊపిరి పీలుస్తారు, బరువుతో పోలిస్తే ఎక్కువ గాలి లోపలికి పోతుంది.

ఏడురోడ్ల_జంక్షన్
అంతా బాగుంది గానీ కొంచెం ఎక్కువ చేస్తున్నారనిపిస్తోంది. నాది శ్రీకాకుళం. ఇక్కడ గాలి పాడవుతున్నది స్కూలు బస్సుల వల్లా? రోడ్డు మీద దుమ్ము, ఇసుక లారీలు, చెత్త తగలబెట్టడం, హైవే ట్రాఫిక్. కేంద్రం 2019లో పెట్టిన నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్ జాబితాలో మన రాష్ట్రం నుంచి 13 ఊళ్ళు ఉంటే అందులో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. గాలిలో దుమ్ము పరిమితి దాటిందని పెట్టారు, స్కూలు బస్సుల వల్ల కాదు. రోజుకు రెండు ట్రిప్పులు తిరిగే బస్సును పట్టుకుని ఏం సాధిస్తాం?

సైన్స్_టీచరమ్మ
ఊరి గాలి లెక్క వేరు, పిల్ల పీల్చే గాలి లెక్క వేరు. ఊరి మొత్తం పొగలో స్కూలు బస్సుల వాటా చిన్నదే అనుకుందాం. ఆ పిల్ల రోజుకు మూడు గంటలు కూర్చునేది మాత్రం ఆ బస్సులోనే.

ఏడురోడ్ల_జంక్షన్
సరే, ఆ మాట ఒప్పుకోవచ్చు. అయినా దుమ్ము సంగతి వదలకండి. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర సాయంత్రం నిలబడితే తెలుస్తుంది.

పలాస_జీడిపప్పు
సీఎన్‌జీ ఎందుకు వద్దు? ఢిల్లీలో సిటీ బస్సులన్నీ మార్చమని 1998లో సుప్రీంకోర్టు చెబితే మార్చారు కదా. మసి దాదాపు ఉండదు.

రాజాం_ట్రాన్స్‌పోర్ట్
నేను ఒక స్కూల్లో ట్రాన్స్‌పోర్ట్ చూస్తాను, ఇందాకటి నుంచి చదువుతున్నాను. మా వైపు మాట కూడా ఒకరు చెప్పాలి.

సీఎన్‌జీ బంకు రూటులో పడితే బాగానే ఉంటుంది. పడకపోతే గ్యాస్ కోసం ఖాళీ బస్సును పంపాలి, క్యూలో పెట్టాలి. మూడేళ్ళకోసారి సిలిండర్లు విప్పి టెస్టు చేయించాలి. ఎలక్ట్రిక్ మంచిదే, తిరుమల ఘాట్‌లో ఆర్టీసీ 2022 నుంచి తిప్పుతోంది. కానీ అది ఆర్టీసీ. డీజిల్ బస్సు ధరకు కొన్ని రెట్లు పెట్టాలి. కేంద్రం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద ఎలక్ట్రిక్ బస్సులకిచ్చే డబ్బు పెద్ద నగరాల ప్రజా రవాణాకే, ప్రైవేటు స్కూలుకు రాదు. మా బస్సు రోజుకు మూడు నాలుగు గంటలు తిరిగి మిగతా అంతా షెడ్డులో ఉంటుంది. వేసవిలో రెండు నెలలు అసలు కదలదు. అంత తక్కువ తిరిగే బండికి అంత పెట్టుబడి ఏ యాజమాన్యమూ పెట్టదు.

బీఎస్-6 బస్సులు రెండు కొన్నాం. మా పెద్ద తలనొప్పి అవే. పాతవి పొగ వదిలినా నడుస్తాయి. ఇవి నెల తిరక్కుండానే డీపీఎఫ్ లైటు వెలిగిస్తాయి, పికప్ పడిపోతుంది, కంపెనీ మనిషి విశాఖ నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని రావాలి. కొత్త టెక్నాలజీ అంటే ఇదేనా?

నాజిల్_మాస్టర్
ఆ రెండు బీఎస్-6 బస్సులు ఏ రూటులో వేశారు సార్?

రాజాం_ట్రాన్స్‌పోర్ట్
టౌన్‌లోనే. కొత్త బండ్లు కదా, నలుగురి కంటా పడాలని యాజమాన్యం కోరిక. పైగా పల్లె రోడ్ల మీద పాడవుతాయని.

నాజిల్_మాస్టర్
అసలు జబ్బు అక్కడుంది.

డీపీఎఫ్ అంటే మసిని పట్టి దాచే ఫిల్టర్. నిండాక దాన్ని కాల్చేసుకోవాలి, రీజనరేషన్ అంటారు. సైలెన్సర్ బాగా వేడెక్కితేనే అది కాలుతుంది. రోడ్డు మీద ఒకే స్పీడులో అరగంట పరిగెత్తిన బండి తనంతట తానే కాల్చేసుకుంటుంది, డ్రైవర్‌కు తెలియను కూడా తెలియదు. టౌన్‌లో వీధికో స్టాపు, నాలుగు కిలోమీటర్లలో ట్రిప్పు అయిపోతే సైలెన్సర్ వేడెక్కేది ఎప్పుడు? మసి పేరుకుంటుంది, లైటు వెలుగుతుంది. అప్పుడైనా బండి పక్కకు పెట్టి స్విచ్ నొక్కి అరగంట వదిలేస్తే కాలిపోతుంది. ఎండుగడ్డి మీద మాత్రం పెట్టకూడదు, సైలెన్సర్ నిప్పులా ఉంటుంది. డ్రైవర్‌కు అది ఎవరూ నేర్పరు. లైటు చూసి భయపడి ఆపేస్తాడు, లేదా ట్రిప్పు లేటవుతుందని మధ్యలో స్విచ్ తీసేస్తాడు.

మీ బీఎస్-6 బండ్లను దూరం రూట్లకు వేయండి. ఆ లైటు గొడవ చాలావరకు పోతుంది.

గజపతినగరం_నాన్న
ఒక్క నిమిషం. అంటే గంటన్నర ప్రయాణం చేసే పల్లె పిల్లలకు బీఎస్-3 బస్సు, పావుగంటలో దిగిపోయే టౌన్ పిల్లలకు బీఎస్-6 బస్సు. ఆ కొత్త బస్సేమో టౌన్‌లో తిరిగి పాడవుతుంది. మా స్కూల్లో కూడా ఇదే వరస. కొత్త బస్సులు దాసన్నపేట, బాలాజీ నగర్ వైపు తిరుగుతాయి.

రింగురోడ్డు_అమ్మ
బస్సు ఫీజు దూరాన్ని బట్టే కదా కడుతున్నారు. ఎక్కువ కట్టేవాళ్ళకే పాత బస్సు!

చీపురుపల్లి_చిన్నోడు
ఇంకోటి కూడా ఉంది. విశాఖలో పెద్ద స్కూళ్ళు వాడి వదిలేసిన బస్సులు మన టౌన్లకు వస్తాయి, మన టౌన్ స్కూళ్ళు వదిలేస్తే మండలం స్కూళ్ళకు. పేరు మీద పేరు పెయింట్ చేసి ఉంటుంది, వెలుతురులో చూస్తే పాత పేరు కూడా కనిపిస్తుంది.

స్టీరింగ్_బాబాయ్
మా బండికి మూడు స్కూళ్ళ పేర్లున్నాయి.

పలాస_జీడిపప్పు
బీఎస్-6 బండికి యూరియా పోయాలంటున్నారు కదా, ఆ డబ్బా ఖరీదు ఎక్కువ. మా ఊళ్ళో ఒకాయన ఎరువుల యూరియా నీళ్ళలో కలిపి పోసేస్తున్నాడు. పనిచేస్తుందా?

నాజిల్_మాస్టర్
పనిచేస్తుంది, ఎస్‌సీఆర్ చచ్చేదాకా. ఆ డబ్బాలో ఉండేది 32.5 శాతం శుద్ధ యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. మన బస్తాలో ఉన్నది పొలానికి చేసింది, పైగా 2015 నుంచి దాదాపు అంతా వేప పూతదే. ఆ నూనె, ఆ మలినాలు క్యాటలిస్టు మీద పేరుకుంటాయి, చల్లే నాజిల్ మూసుకుపోతుంది. లక్షల్లో బిల్లు. సబ్సిడీ యూరియాను బండికి పోయడం నేరం కూడా. డీజిల్ ఖర్చులో అదో చిన్న భాగం, వంద లీటర్ల డీజిల్‌కు ఐదు లీటర్ల లెక్క. దాని దగ్గర కక్కుర్తి పడకూడదు.

కొంతమంది డీపీఎఫ్ పీకేసి, కంప్యూటర్‌ను మోసం చేసే డబ్బా పెట్టమని కూడా వస్తారు. చేసేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు అది ఖరీదైన బీఎస్-3 బండి.

ఎత్తుబ్రిడ్జి_కుర్రాడు
వరికి లేని యూరియా బస్సుకా అని మా తాత ఇందాకటి నుంచి నవ్వుతున్నాడు.

తోటపాలెం_పేరెంట్
మా స్కూలు గేటు దగ్గర సాయంత్రం మూడున్నరకే పాతిక బస్సులు ఒకదాని వెనక ఒకటి పెడతారు, నాలుగున్నరకు గానీ కదలవు. ఎక్కువ భాగం ఇంజిన్లు ఆన్‌లోనే ఉంటాయి. ముందు బస్సు గొట్టం వెనక బస్సు తలుపు దగ్గరే. పిల్లలు ఆ మధ్యలోంచే నడిచి ఎక్కుతారు. ఇదెవరికీ కనిపించదా?

రూల్స్_రామం
గొట్టం ఎడమ వైపు తిరిగి ఉండకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది, ఎక్కేవాళ్ళు అటే ఉంటారు కాబట్టి. మరమ్మతులు చేయించినప్పుడు లోకల్ వెల్డింగులో ఎటు దొరికితే అటు తిప్పేస్తారు. బస్సులు ఏటవాలుగా పెట్టించినా ఒకదాని పొగ ఇంకోదాని తలుపులోకి పోదు.

రాజాం_ట్రాన్స్‌పోర్ట్
ఇంజిన్ ఆపేయమని మేమూ చెబుతాం. ఆపితే మళ్ళీ స్టార్ట్ అవదని డ్రైవర్ల భయం. బ్యాటరీ వీక్, సెల్ఫ్ వీక్.

స్టీరింగ్_బాబాయ్
భయం కాదు సార్, అనుభవం. గేటు ముందు బండి మొరాయిస్తే పిల్లల చేత తోయించమంటారా?

తోటపాలెం_పేరెంట్
అయితే బ్యాటరీ కొనండి. నిలబడి ఉన్న బస్సు ఇంజిన్ గంటకు రెండు లీటర్లు తాగుతుంది అనుకుందాం. పాతిక బస్సులు, ఒక గంట, యాభై లీటర్లు. లీటరు దాదాపు వంద. రోజుకు ఐదు వేలు గేటు దగ్గర తగలబెడుతున్నారు. నెలకు ఎన్ని బ్యాటరీలు వస్తాయో లెక్క వేయండి.

ఏడురోడ్ల_జంక్షన్
ఈ లెక్క ఏ యాజమాన్యానికైనా అర్థమవుతుంది. ఊపిరితిత్తుల గురించి చెబితే తలాడిస్తారు, డీజిల్ గురించి చెబితే లేచి కూర్చుంటారు.

రాజాం_ట్రాన్స్‌పోర్ట్
నిజమే, ఈ లెక్క పైకి పంపుతాను. గంటంతా అన్ని బస్సులూ ఆన్‌లో ఉండవు గానీ, సగం అనుకున్నా తక్కువ డబ్బేమీ కాదు. రూట్లు మార్చడం గురించి కూడా అడుగుతాను. ఒక చిక్కుంది. కొత్తవి రెండూ పొడుగు చాసిస్ బండ్లు. పాలకొండ వైపు లోపలి ఊళ్ళలో వీధులు తిరగవు. పాత చిన్న బస్సు రామాలయం దాకా పోతుంది. కొత్తది మెయిన్ రోడ్డు మీదే ఆగితే పేరెంట్స్ ఊరుకోరు.

గజపతినగరం_నాన్న
నన్నడిగితే నేను ఊరుకుంటాను. మెయిన్ రోడ్డు దాకా నేనే బండి మీద దింపుతాను.

రింగురోడ్డు_అమ్మ
అందరికీ బండి ఉండదు గజపతినగరం గారూ. పొద్దున్నే కూలికి పోయే తల్లులున్నారు. చిన్నపిల్ల ఒక్కతే హైవే దాటి బస్సెక్కాలా?

స్టీరింగ్_బాబాయ్
దానికో దారి ఉంది. చిన్న బండి లోపలి ఊళ్ళు తిప్పి మెయిన్ రోడ్డు మీద పెద్ద బండికి ఎక్కించాలి. చిన్నది ఆయాతో సహా అక్కడే నాలుగు ఊళ్ళు తిరుగుతుంది, టౌన్ దాకా రానక్కర్లేదు. పల్లె పిల్లలు పాత బండిలో ఉండేది పది నిమిషాలే. మా దగ్గర పండక్కి ఒక బండి రిపేరులో ఉంటే ఇలాగే నడిపాం, ఇబ్బంది రాలేదు. కాకపోతే రెండో డ్రైవర్ ఊళ్ళోనే ఉండాలి, ఆయా కూడా.

రాజాం_ట్రాన్స్‌పోర్ట్
రెండో డ్రైవర్ జీతం ఎవరు ఇస్తారు బాబాయ్?

తోటపాలెం_పేరెంట్
గేటు దగ్గర తగలబెట్టే ఐదు వేలు.

నాజిల్_మాస్టర్
గజపతినగరం గారూ, మీటింగ్ ఎప్పుడు? వెళ్ళే ముందు ఒక పని చేయండి. పొద్దున్న పాపను ఎక్కించేటప్పుడు డ్రైవర్‌ను అడిగి బానెట్ అంచున చెయ్యి పెట్టి చూడండి. వేడిగాలి తగిలితే బీడింగు పోయినట్టే. అక్కడే ఫోన్‌లో వీడియో తీయండి.

గజపతినగరం_నాన్న
రెండో శనివారం. వీడియో రేపే తీస్తాను. ఎయిర్ ఫిల్టర్ బిల్లు, బానెట్ బీడింగు, బ్రీదర్ గొట్టం, కొత్త బస్సు ఏ రూటులో తిరుగుతోంది, గేటు దగ్గర ఇంజిన్లు. ఇంకేమైనా ఉంటే శుక్రవారం లోపు చెప్పండి.

చీపురుపల్లి_చిన్నోడు
ఒక్కరే వెళ్ళకండి. అదే బస్సులో వచ్చే ఇంకో నలుగురు పేరెంట్స్‌ను తీసుకెళ్ళండి.